నోరులేని అక్షరం

రొట్టె పేరు సరిగ్గా పలకలేకపోతే ప్రాణం మీదికి వస్తుందని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. మా వీధి చివరింటి వారమ్మాయి చెప్పాక నమ్మక తప్పలేదు.

ఆ పిల్ల ఉక్రెయిన్‌లో విన్నిత్స్య అనే ఊళ్ళో డాక్టరీ చదువుతూండేది. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలయ్యాక, మన తెలుగు పిల్లలు ఎందరో వచ్చినట్టే, తనూ పడుతూ లేస్తూ సరిహద్దు దాటి, విమానమెక్కి ఇల్లు చేరింది. పలకరిద్దామని వెళ్ళాను. తీరా వెళ్ళాక ఏం మాట్లాడాలో తోచలేదు. బాంబుల గురించి అడగడానికి నోరు రాలేదు. "అక్కడి భాష ఏమైనా వచ్చిందా అమ్మా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"కొంచెం వచ్చండీ అత్తయ్యగారూ. ఏదీ, 'పల్యనిత్స్య' అనండి, చూద్దాం."

"పల్యానిత్స" అన్నాను.

"ఉహుఁ. చివరది మెత్తగా రావాలి."

ఈసారి నోరంతా మెత్తగా చేసుకుని అన్నాను.

"ఇప్పుడు చివరది బాగానే వచ్చింది గానీ మధ్యలో 'ని' కూడా మెత్తబడిపోయింది. అది గట్టిగా ఉండాలి. లాభం లేదత్తయ్యగారూ, మిమ్మల్ని చెక్‌పోస్టు దగ్గరే పట్టేసుకుంటారు!" అని నవ్వింది. ఇంటికొచ్చాక పిల్ల నవ్వడం అదే మొదటిసారని వాళ్ళమ్మ గుమ్మం దాకా వచ్చి మెల్లగా చెప్పింది.

పల్యనిత్స్య అంటే మరేం కాదు, గోధుమపిండితో చేసే గుండ్రటి రొట్టె. పైన ఒక చీలిక ఉంటుంది. సైరన్లు మోగినప్పుడు హాస్టలు పిల్లలందరూ నేలమాళిగలో తలదాచుకునేవారట. అక్కడ ఒక పెద్దావిడ పిల్లల భయం పోగొట్టడానికి ఈ మాట అనిపిస్తూ కాలక్షేపం చేయించేదట. కాలక్షేపం మాట అలా ఉంచండి. ఆ రోజుల్లో దేశమంతటా ఈ మాట ఒక పరీక్ష అయిపోయింది. దారిలో కొత్త మనిషి కనిపించి అనుమానం తగిలితే "పల్యనిత్స్య అను" అనేవారు. రష్యన్ మాతృభాషగా పెరిగిన నాలుకకి ఆ మాట ఓ పట్టాన లొంగదు.

ఇలాంటి పరీక్ష కొత్తదేమీ కాదు. బైబిలులో న్యాయాధిపతుల గ్రంథంలో ఉన్నదే. యొర్దాను రేవు దాటడానికి వచ్చినవాళ్ళని గిలాదువాళ్ళు "షిబ్బోలెతు" అనమంటారు. ఎఫ్రాయీమువాళ్ళకి 'ష' పలకదు, "సిబ్బోలెతు" అంటారు. అన్నవాళ్ళని అన్నచోటే చంపేశారు. నలభైరెండువేలమంది పోయారని రాశారు. 'శ'కీ 'స'కీ తేడా లేకుండా మాట్లాడే మనలాంటివాళ్ళం ఆ రేవులో ఎంతమందిమి మిగిలేవాళ్ళమో!

ఇంటికి వచ్చానన్న మాటే గానీ ఆ పిల్ల అన్న "మెత్తగా, గట్టిగా" అన్న మాటలు నన్ను వదల్లేదు. హల్లుకి మెత్తనా గట్టిదనమా? ఇడ్లీయా ఏమైనానా? పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. తిరగేసినకొద్దీ తెలిసింది, ఆ మెత్తదనం వెనక పెద్ద చరిత్రే ఉందని. రాజులూ, చక్రవర్తులూ, మంత్రులూ, నిఘంటువులు రాసుకునే బడిపంతుళ్ళూ అందరూ అందులో ఉన్నారు. కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు.

ముందు మెత్తదనం సంగతి చూద్దాం. 'న' అనబోతూ నాలుక నడుముని కాస్త పైకెత్తి, 'య' పలికే చోటికి చేర్చండి. 'న' తర్వాత 'య' అంటే కుదరదు. పాలలో పంచదారలా 'న'లోనే 'య' కరిగిపోవాలి. చిన్నప్పుడు పలకమీద "చ ఛ జ ఝ ఞ" అని దిద్దాం చూడండి, ఆ చివర కూచుని ఎన్నడూ ఎవరికీ పనికిరాని 'ఞ' దాదాపు ఇదే. మనం దిద్ది వదిలేసిన ధ్వనితో వాళ్ళు సంసారం చేస్తున్నారు.

అసలు మనకీ ఈ వ్యవహారం కొత్త కాదు. 'చాప' అనండి, 'చేప' అనండి. రెండు 'చ'లూ ఒకటేనా? చాపలో 'చ' పళ్ళ దగ్గర పుడుతుంది, ఇంచుమించు 'త్స'. చేపలో 'చ' అంగిలి దగ్గర మెత్తగా పుడుతుంది. పాత నిఘంటువుల్లో పళ్ళ 'చ' నెత్తిన చిన్న గుర్తు పెట్టి వేరుచేసేవారు. ఇప్పుడా గుర్తు ఎక్కడా కనబడదు. మనకి కనబడకపోయినా ఫరవాలేదు. ఇ, ఎ పక్కన ఉంటే మెత్తన, అ, ఉ, ఒ పక్కన ఉంటే పళ్ళ 'చ' అని అచ్చతెలుగు మాటల్లో నాలుకే చూసుకుంటుంది. ఉక్రేనియన్‌లో అలా కాదు. అక్కడ మెత్తదనం మారితే అర్థమే మారిపోతుంది.

'సిన్' అంటే కొడుకు. చివరి నకారాన్ని మెత్తగా 'సిన్య్' అన్నామా, నీలిరంగు. 'లాన్' అంటే పొలం, 'లాన్య్' అంటే ఆడజింక. 'రిస్' అంటే బియ్యం, 'రిస్య్' అంటే అడవిలో తిరిగే ఓ పెద్దపిల్లి జాతి మృగం. అంటే, వంటింట్లో నిలబడి "బియ్యం తెండి" అనబోయి నాలుక కాస్త ఎత్తితే ఏం ఇంటికి వస్తుందో చూసుకోండి!

మరి ఇంత తేడా తెచ్చే ఈ మెత్తదనాన్ని రాతలో చూపించడం ఎలా? ఇక్కడే వస్తుంది మన కథానాయిక. ఇంగ్లీషు చిన్న 'బి' అక్షరానికి పైకొమ్ము కత్తిరించేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుందావిడ. పేరు 'మెత్తని గుర్తు'. ఉక్రేనియన్ వర్ణమాలలో 33 అక్షరాలుంటే, తనకంటూ ధ్వని లేనిది ఈవిడొక్కతే. ఏ మాటా ఈవిడతో మొదలవదు. తాను పలకదు, పక్కనున్న హల్లుని మెత్తబరుస్తుంది, అంతే. కొన్ని ఇళ్ళలో ఇల్లాళ్ళుంటారు, వాళ్ళ గొంతు ఎవరూ విని ఉండరు గానీ వాళ్ళు లేని రోజున ఇంట్లో అందరి గొంతులూ కరుకుగా వినబడతాయి. అలాంటిదన్నమాట. 1990 దాకా ఈవిణ్ణి వర్ణమాలలో చిట్టచివర, అందరి తర్వాత కూచోబెట్టారు. ఆ ఏడు కొత్త వర్ణక్రమంలో మాత్రం రెండు మెట్లు ముందుకి జరిపారు.

హల్లు తర్వాత అచ్చు వచ్చే చోట ఈ గుర్తు తరచుగా అక్కర్లేదు. అచ్చే ఆ పని చూసుకుంటుంది. వాళ్ళకి మామూలు 'ఆ' ఒకటీ, 'యా' ఒకటీ ఉన్నాయి. రెండోది ఇంగ్లీషు 'ఆర్' అక్షరాన్ని అద్దంలో చూసినట్టుంటుంది. మాట మొదట్లో ఉంటే 'యా' అని పలుకుతుంది. హల్లు పక్కన చేరితే 'య' మాయమై హల్లు మెత్తబడుతుంది. 'యు', 'యె' లదీ అదే తీరు. 'ఒ' ముందు మాత్రం మెత్తని గుర్తునే పిలుచుకోవాలి.

ఇవికాక ఇకారాలు రెండు. ఒకటి చుక్క పెట్టుకున్నది, ముందున్న హల్లుని మెత్తబరుస్తుంది. రెండోది చుక్క లేనిది, ఇకారానికీ ఎకారానికీ మధ్య ఎక్కడో పలుకుతుంది, హల్లుని ముట్టుకోదు. రెండు చుక్కలు పెట్టుకున్న మరో అక్షరం కూడా ఉంది. అదెప్పుడూ 'యి' అనే పలుకుతుంది. ఉక్రెయిన్ పేరులోనూ, రాజధాని కీవ్ పేరులోనూ వాళ్ళు రాసేది దాన్నే. రష్యన్‌లో ఆ అక్షరం లేదు.

ఏయే హల్లులు పూర్తిగా మెత్తబడతాయో బడిపిల్లలకి నేర్పడానికి అక్కడి పంతుళ్ళు ఒక వాక్యం చెబుతారట. "ఈ చేపల్ని ఎక్కడ తింటావు?" అని దాని అర్థం. ఆ వాక్యంలో వచ్చే హల్లులే, ద, త, స, ల, న, త్స, ఇంగ్లీషు జెడ్ లాంటి జ, మెత్తబడేవి. పెదవులతో పలికే ప, బ, మ, వ, ఫలకి మాత్రం ఈ మెత్తదనం పడదు. వాటిని గుర్తుపెట్టుకోవడానికి బూఫ్ అనే కోతి ఒకటుంది. 'కోతి బూఫ్' అని వాళ్ళ భాషలో అంటే ఆ అయిదు హల్లులూ వస్తాయి. వీటి పక్కన 'యా' వస్తే కలిసిపోకుండా మధ్యలో కామాలాంటి గుర్తొకటి పైన వేలాడదీస్తారు. కుటుంబం అనే మాటలోనూ, ఆరోగ్యం అనే మాటలోనూ ఆ కామా ఉంది.

తమాషా ఏమిటంటే, 'మెత్తని' అనడానికి వాళ్ళకున్న మాట మకారంతో మొదలవుతుంది. మకారం పెదవులది, మెత్తబడదు. కనక 'మెత్తని గుర్తు' అన్న పేరులోనే, మొదటి అక్షరం పక్కనే ఆ కామా తగిలించి, "ఇక్కడ మెత్తబరచకండి" అని రాసుకోవలసి వచ్చింది. పేరుకీ తీరుకీ పొత్తు కుదరకపోవడం మనుషుల్లోనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇంతకీ ఈ నోరులేని అక్షరం మొదటినించీ నోరులేనిది కాదు. వెయ్యేళ్ళ క్రితం ఆవిడకి చక్కని గొంతు ఉండేది. పొట్టి ఇకారంలా పలికేది. ఆ గొంతు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే మనకి దూరం వెళ్ళనక్కర్లేదు. నిప్పుకి ఉక్రేనియన్‌లో 'వొహోన్య్' అంటారు. మన 'అగ్ని'కి అది తోబుట్టువు. అగ్ని చివర మనం పలికే ఇకారమే అక్కడ పొట్టిదై, చివరికి పన్నెండో శతాబ్దం నాటికి గొంతు పోగొట్టుకుని, నకారం మీద మెత్తదనంగా మాత్రం మిగిలింది. పగటికి వాళ్ళు 'దెన్య్' అంటారు. మన 'దినం' అదే. అందులో మొదటి ఇకారం ఎకారమై బతికిపోయింది. చివరిది నోరు పోగొట్టుకుని మెత్తని గుర్తుగా మిగిలింది.

మరి కొడుకు అనే 'సిన్' చివర ఎందుకు మెత్తబడలేదు? సంస్కృతంలో కొడుకు 'సూనుః'. అక్కడ ఉన్నది ఉకారం. ఉకారం పోతే మెత్తదనం మిగలదు. చూశారా! ఎప్పుడో పోయిన అచ్చులు, పోతూ పోతూ పక్కవాళ్ళ మీద తమ స్వభావం వదిలివెళ్ళాయి. మా అమ్మమ్మ పోయి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో పచ్చడి రుచి ఆవిడదే ఉన్నట్టు.

ఇక ఆ రొట్టె దగ్గరికి వద్దాం. పల్యనిత్స్య చివరనున్న 'త్స్య' ఒకనాడు ఉత్త 'క'. ముందున్న ఇకారం సావాసంతో మెత్తబడి మెత్తబడి అలా తయారైంది. రష్యన్‌లో అది తర్వాతి కాలంలో మళ్ళీ గట్టిపడింది, ఉక్రేనియన్‌లో మెత్తగానే ఉండిపోయింది. మధ్యలో 'ని' సంగతి దానికి తలకిందులు. ఉక్రేనియన్‌లో రెండు పాత ఇకారాలు కలిసి ఒకటై, దాని ముందు హల్లులన్నీ గట్టిపడ్డాయి. రష్యన్‌లో మెత్తగానే ఉన్నాయి. ఒక చిన్న రొట్టె పేరులో రెండుచోట్ల, రెండు భాషలూ ఎదురుబొదురుగా నడిచాయన్నమాట. చెక్‌పోస్టు కుర్రవాళ్ళకి ఈ చరిత్ర తెలియనక్కర్లేదు, చెవి చాలు. మా పక్కపిల్ల ఆ మాట తొందరగా నేర్చుకోవడానికీ కారణం ఉంది. తను చదివిన విన్నిత్స్య పేరు చివర ఉన్నదీ ఆ తోకే.

మాట్లాడేది నాలుక. రాసేది కలం. కలం దగ్గరికి వచ్చేసరికి ప్రభుత్వాలు వచ్చాయి.

ఉక్రేనియన్ వాడుకభాషలో ఇవాన్ కొత్ల్యరేవ్‌స్కీ 'ఎనేయిదా' కావ్యం అచ్చువేసింది 1798లో. అప్పట్లో ఆ భాషకి సొంత వర్ణక్రమం లేదు, రష్యన్ అక్షరాలతోనే సర్దుకోవాలి. ఒకరి చొక్కా ఒకరు తొడుక్కున్నట్టు ఎక్కడో ఒకచోట బిగుతు, ఎక్కడో వదులు. అప్పుడు దేశం రెండు ముక్కలు. తూర్పున పెద్ద భాగం రష్యా జార్ల కింద, పడమట గలీసియా ఆస్ట్రియా చక్రవర్తుల కింద. పడమట ల్వీవ్‌లో ముగ్గురు వేదవిద్యార్థులు, షష్కేవిచ్, హొలొవాత్‌స్కీ, వహిలేవిచ్, కూడబలుక్కుని 1837లో 'రుసాల్కా ద్నిస్త్రోవయ' అని ఓ చిన్న పుస్తకం తెచ్చారు. పలికినట్టు రాయాలన్నది వాళ్ళ పట్టు. 'యె' అక్షరాన్ని ఇవాళ్టి తీరులో వాడింది, 'ఒ' ముందు మెత్తని గుర్తు పెట్టి రాసిందీ ఆ పుస్తకమే. బుడాలో అచ్చువేయించి తెస్తే, ల్వీవ్‌లో అధికారులు చాలా ప్రతులు స్వాధీనం చేసుకున్నారు. అక్షరాల్లో అంత అపాయం ఏం కనబడిందో!

తూర్పున పంతెలేమోన్ కులీష్ అనే రచయిత నడుం కట్టాడు. 1857లో పిల్లలకోసం 'హ్రామత్క' అని వాచకం వేశాడు. పల్లెటూరి పిల్లవాడు కూడబలుక్కుని చదివితే వాడి అమ్మ మాట్లాడినట్టే వినబడాలన్నాడు. జనం ఆ పద్ధతిని 'కులీషివ్క' అన్నారు. మన గిడుగువారి ఊసు గుర్తుకొస్తోంది కదూ? గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది 1863లో. సరిగ్గా ఆ ఏడే రష్యాలో హోంమంత్రి వలూయెవ్ ఒక రహస్య ఉత్తర్వు పంపాడు. అసలు అలాంటి వేరే భాషే లేదు, కనక ఆ భాషలో బడిపుస్తకాలూ మతగ్రంథాలూ అచ్చువేయనివ్వవద్దు అని దాని సారాంశం.

లేని భాషని నిషేధించడం ఏమిటో! అదీ చాలలేదు. 1876లో జార్ రెండవ అలెగ్జాండరు జర్మనీలో ఎమ్స్ అనే ఊళ్ళో ఆరోగ్యస్నానాలకి వెళ్ళి, అక్కడినుంచే మరో ఉత్తర్వు మీద సంతకం చేశాడు. పైదేశాలనుంచి ఉక్రేనియన్ పుస్తకాలు రాకూడదు. నాటకాలు ఆడకూడదు. కథలూ కవితలూ కావాలంటే అచ్చువేసుకోవచ్చు, అయితే రష్యన్ వర్ణక్రమంలోనే రాయాలి. అంటే, మాట్లాడుకోండి గానీ మా అక్షరాల్లో మాట్లాడుకోండి అన్నమాట. కులీష్ పద్ధతిలో రాసిన కాగితం అచ్చాఫీసు గుమ్మం దాటడానికి వీల్లేకపోయింది. ఒక చక్రవర్తి, నడుంలోతు వేన్నీళ్ళ మధ్య తీరికలో, ఒక జాతి అక్షరాల ఖాతా తేల్చేశాడు.

ఆ రోజుల్లోనే మిహాయిలో ద్రహొమానోవ్ అనే పండితుడు దేశం విడిచి జెనీవాలో స్థిరపడి, అక్కడ పుస్తకాలు వేశాడు. ప్రసిద్ధ కవయిత్రి లేస్య ఉక్రయిన్క ఈయనకి మేనకోడలే. ఆయన పద్ధతి చాలా శుభ్రమైనది. ఒక ధ్వనికి ఒక అక్షరం. 'యా', 'యు' లాంటి రెండు పనులు చేసే అక్షరాలు వద్దు. మెత్తదనం ఉన్నచోటల్లా మెత్తని గుర్తు పెట్టి, పక్కన ఉత్త అచ్చు రాయండి అన్నాడు. తర్కం ప్రకారం వంక పెట్టలేం. కానీ జనం తీసుకోలేదు. తర్కానికి లొంగే వస్తువయితే భాష ఎప్పుడో బాగుపడేది.

జనం తీసుకున్నది ఓ బడిపంతులు చెప్పిన పద్ధతి. ఇవాళ ఇవానో ఫ్రాన్కివ్‌స్క్ అంటున్న స్తనిస్లావివ్ పట్నంలో యెవ్హెన్ జెలెహివ్‌స్కీ అనే ఉపాధ్యాయుడు ఏళ్ళతరబడి మాటలు పోగుచేసి, ఉక్రేనియన్ జర్మన్ నిఘంటువు తయారుచేశాడు. పూర్తిగా అచ్చయి రావడం చూడకుండానే 1885లో కన్నుమూశాడు. 1886లో రెండు సంపుటాలూ వచ్చాయి. 1893లో ఆస్ట్రియా ప్రభుత్వం ఆ వర్ణక్రమాన్నే గలీసియా బడుల్లో పెట్టింది. మెత్తదనం విషయంలో ఆయన చెవి ఎంత సున్నితమంటే, ముక్కు అనే 'నిస్'నీ, మోసుకెళ్ళాడు అనే 'న్యిస్'నీ వేరువేరుగా రాయించాడు. రెండోదానికి రెండు చుక్కల అక్షరం పెట్టాడు. ముక్కు మన నాసికకి చుట్టం. దాంట్లో ఇకారం ఒకప్పటి ఓకారం, కనక నకారం పూర్తిగా మెత్తబడదు. రెండోదాంట్లో ఒకప్పటి ఎకారం, కనక మెత్తబడుతుంది. ఇవాళ ఆ రెండూ ఒకలాగే రాస్తున్నారు.

జార్ల రాజ్యంలో ఆంక్షలు 1905 తర్వాత సడలాయి. 1907 నుంచి 1909 లోగా కీవ్‌లో బొరిస్ హ్రించెన్కో నాలుగు సంపుటాల నిఘంటువు వచ్చింది. చూస్తూండగానే జార్లు పోయారు, సోవియట్లు వచ్చారు. 1927లో, అప్పటి రాజధాని ఖార్కివ్‌లో, తూర్పువాళ్ళూ పడమటివాళ్ళూ ఒకచోట చేరి మహాసభ చేశారు. అందరికీ ఒకే వర్ణక్రమం కావాలి. చాలా సంగతుల్లో రాజీ పడ్డారు. ఎక్కడ చిక్కుపడ్డారంటే, లకారం దగ్గర.

పరాయిభాషలనుంచి వచ్చిన మాటల్లో లకారం గట్టిగా రాయాలా, మెత్తగా రాయాలా? తూర్పువాళ్ళు దీపాన్ని 'లాంపా' అంటారు. పడమటివాళ్ళు 'ల్యాంపా' అంటారు. తూర్పున 'ప్లాన్', పడమట 'ప్ల్యాన్'. తూర్పున 'క్లాస్', పడమట 'క్ల్యాసా'. పెళ్ళివారి మధ్య లాంఛనాల తగవులా సాగి, చివరికి ఒప్పందం కుదిరింది. గ్రీకునుంచి పాతకాలంలో వచ్చిన మాటల్లో గట్టి లకారం, పడమటి యూరపు భాషలనుంచి కొత్తగా వచ్చినవాటిలో మెత్తని లకారం. 1928లో విద్యాశాఖ కమిస్సారు మికోలా స్క్రిప్నిక్ సంతకం చేశాడు. రాజీ అన్నాక ఇరుపక్షాలూ సణుక్కోవడం మామూలే, సణుక్కున్నారు. అయినా మొదటిసారి, విడిపోయిన రెండు ముక్కలూ ఒకే రాతలో కలిశాయి.

అయిదేళ్ళు నిలవలేదు.

1932, 33 సంవత్సరాలు ఉక్రెయిన్ చరిత్రలో చీకటి సంవత్సరాలు. పండిన ధాన్యం ప్రభుత్వం ఊడ్చుకుపోగా, గోధుమలు పండించే దేశంలో జనం లక్షలకి లక్షలుగా ఆకలితో చచ్చిపోయారు. కోసిన చేలో వెన్నులు ఏరుకున్నా నేరమే అయింది. పల్యనిత్స్య అనే మాట మిగిలింది, రొట్టె లేదు. అదే సమయంలో మాస్కో చూపు వర్ణక్రమం మీద పడింది. 1933 ఫిబ్రవరిలో స్క్రిప్నిక్‌ని విద్యాశాఖనుంచి తప్పించారు. ఆయన తెచ్చిన రాత జాతీయవాదుల కుట్ర అన్నారు, ఉక్రేనియన్‌ని రష్యన్‌కి దూరం చేసి పడమటి దేశాలకి దగ్గర చేయడమే దాని ఎత్తుగడ అన్నారు. ఆయనా బొల్షెవిక్కే, లెనిన్ కాలంనాటి మనిషే. జూలై 7న తుపాకితో కాల్చుకుని చనిపోయాడు.

ఆంద్రీయ్ ఖ్విల్య అనే ఆయన ఆధ్వర్యంలో కొత్త సంఘం కూచుని వర్ణక్రమాన్ని రష్యన్ తీరుకి దిద్దింది. కొమ్మున్న 'గ' అక్షరం ఒకటుండేది, దాన్ని వర్ణమాలనుంచే తీసేశారు. పరాయిమాటల్లో మెత్తని లకారం పోయింది. 'క్ల్యాసా' మళ్ళీ 'క్లాస్' అయింది. వర్గం అనే మాటని మెత్తగా రాసినవాడు వర్గశత్రువు అయ్యాడని అంటే హాస్యమనుకుంటారేమో! 1928 వర్ణక్రమం కూర్చడంలో ముఖ్యుడైన భాషాశాస్త్రవేత్త ఒలెక్సా సిన్యావ్‌స్కీని 1937లో కాల్చి చంపారు. ఆ వర్ణక్రమాన్ని రద్దు చేయించిన ఖ్విల్యని 1938లో కాల్చి చంపారు. గట్టి లకారమూ ఆయన్ని కాపాడలేదు. పక్కనున్న బెలారుస్‌లో కూడా 1933లోనే వర్ణక్రమం దిద్ది, రెండు హల్లుల మధ్య రాసే మెత్తని గుర్తుల్ని చాలావరకు ఎత్తేశారు.

కెనడా, అమెరికాలు పట్టిపోయిన ఉక్రేనియన్లు మాత్రం పాత 1928 రాతే పట్టుకు వేలాడారు. వలసపోయినవాళ్ళ పెట్టెల్లో అమ్మ చీరలు మడత నలగకుండా ఉన్నట్టు, ఆ మెత్తని లకారం వాళ్ళ పత్రికల్లో దశాబ్దాలపాటు ఉండిపోయింది. 1990లో కొమ్ము 'గ' తిరిగి వర్ణమాలలోకి వచ్చింది. 2019లో ప్రభుత్వం మరో కొత్త వర్ణక్రమాన్ని ఆమోదించింది. 1928 నాటివి కొన్ని తిరిగివచ్చాయి, కొన్నిటికి రెండు విధాలా రాసుకోవచ్చన్నారు. మెత్తని 'క్ల్యాసా' మాత్రం రాలేదు. 'క్లాస్' అనే స్థిరపడింది. తరాలు మారాక నాలుక కూడా మారుతుంది. బలవంతాన పోయినదాన్ని బలవంతాన తేలేం.

నేను చెప్పేది ఎక్కడో దూరపు సంగతి అనిపిస్తోందా? మన పుస్తకాల బీరువాలో చూసుకోండి. పోల్తవా ప్రాంతంలో పుట్టి రష్యన్‌లో రాసిన గొగోల్‌ని మనం ఏనాటినుంచో చదువుతున్నాం. ఆయన పేరు చివర మెత్తని గుర్తు ఉంది. ఆయన రాసిన తారాస్ బుల్బా పేరు మధ్యలోనూ ఉంది. ల్వీవ్ పట్నం పేరులో రెండో అక్షరమే అది. ఇంగ్లీషు మీదుగా మన దగ్గరికి వచ్చేసరికి మూడుచోట్లా రాలిపోయింది. మనం ఏ ఉత్తర్వూ లేకుండానే తీసేశాం. నోరులేనిదాన్ని తీసేయడం ఎంత సులభమో చూశారా!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నాలుకని బట్టి మనిషిని తూచే పరీక్ష మంచిదేమీ కాదు. ఉక్రెయిన్‌లో రష్యన్ మాట్లాడుతూ పెరిగినవాళ్ళు ఎందరో ఉన్నారు. అధ్యక్షుడు జెలెన్‌స్కీయే అలా పెరిగినవాడు. వాళ్ళలో ఎంతోమంది ఆ దేశం కోసమే పోరాడుతున్నారు. నాలుక గట్టిదైనంత మాత్రాన గుండె పరాయిది కాదు. ఆ సంగతి పెద్దవాళ్ళకి తెలియకేం! అయినా భయం పట్టుకున్నప్పుడు మనిషి చేతికి అందినదాన్ని తూనికరాయి చేసుకుంటాడు. అప్పుడు అందినది ఒక రొట్టె పేరు. 2024 ఆగస్టులో ఉక్రెయిన్‌వాళ్ళు సొంతంగా తయారుచేసుకున్న కొత్త ఆయుధానికి కూడా ఆ పేరే పెట్టారు. రొట్టె పేరుని ఆయుధానికి పెట్టుకోవలసిన రోజు ఏ ఆడదానికీ నచ్చదు. నాకూ నచ్చలేదు. కానీ ఎందుకు పెట్టారో మాత్రం ఇప్పుడు అర్థమవుతోంది.

ఇదంతా చదువుకుని, నోట్సు రాసుకుని, మళ్ళీ చివరింటికి వెళ్ళాను. ఆ పిల్ల వంటింట్లో చపాతీలు చేస్తోంది. ఉక్రేనియన్ పండితురాలిలా గుమ్మంలో నిలబడి, లోపలి 'ని' గట్టిగా, చివరి 'త్స్య' మెత్తగా, శక్తివంచన లేకుండా అన్నాను.

చేతిలో అప్పడాల కర్ర ఆపి విన్నది. "ఈసారి వచ్చిందత్తయ్యగారూ" అంది. అని, కాసేపు ఏమీ అనలేదు.

"నేలమాళిగలో ఆ పెద్దావిడకి నేను రోజూ ఫోను చేస్తున్నాను. రెండ్రోజులుగా ఎత్తడం లేదు" అంది చివరికి, పిండి వంక చూస్తూ.

ఆవిడ మూడోరోజు ఎత్తింది లెండి. కరెంటు లేక ఫోను ఆగిపోయిందట. నా కోసం అడిగి మరీ మాట్లాడింది. ఆవిడ మాటలు నాకు ఒక్కటీ తెలియలేదు. అయినా ఆ మాటల మధ్య, ఎక్కడ నకారం మెత్తబడిందో, ఎక్కడ లకారం కరిగిందో, చెవికి మాత్రం తెలుస్తూనే ఉంది.